పత్తి చేల నుంచి మొక్కజొన్న చేల దాకా: ఒక ఫుట్‌బాల్ ప్రయాణం

శుక్రవారం, డాలస్ శివార్లు

మా చిన్నాన్న కొడుకుకు అయోవా రాష్ట్ర రాజధాని డెమోయిన్‌లో ఒక బీమా కంపెనీలో ఉద్యోగం దొరికింది. సామాను కారులో వేసుకుని వెళ్ళాలి, తోడు రమ్మన్నాడు. డాలస్ నుంచి ఐ-35 మీద నేరుగా ఉత్తరానికి పోతే ఒక్క పగలు చాలు. నేను మాత్రం, వస్తాను గానీ తొమ్మిది రోజులు పడుతుంది, ముందు పడమటికి వెళ్ళి లబ్బక్ చూడాలి, ఆ తరువాత నార్మన్, కాన్సస్‌లోని మాన్‌హాటన్, లింకన్, చివరికి అయోవా సిటీ అని షరతు పెట్టాను. అన్నీ పెద్ద కాలేజీ జట్లున్న ఊళ్ళే. పదిహేనేళ్ళుగా కాలేజీ ఫుట్‌బాల్‌ను (కాలితో తన్నే సాకర్ కాదు, చేత్తో విసిరే, మోసుకుపరుగెత్తే అమెరికన్ ఆట) టీవీలో చూస్తున్న నాకు ఒక సంగతి దగ్గర నుంచి చూడాలని కోరిక. నిబంధనలు అందరికీ ఒకటే అయినప్పుడు, దక్షిణాన గాలిలో ఎగిరే బంతి ఉత్తరానికి వెళ్ళేకొద్దీ పొట్టకు అదుముకుని నేల మీద నెట్టుకుపోయే బంతిగా ఎందుకు మారుతుంది? కోచ్‌లు పలక మీద గీసే గీతల వల్లనా, ఆ చుట్టుపక్కల పెరిగే పిల్లల వల్లనా?

“పదకొండు మంది పదకొండు మందిని తోసుకుంటారు, మధ్యలో ఎవడో బంతి విసురుతాడు, అంతే కదా అన్నయ్యా, దీనికి తొమ్మిది రోజులా?” అన్నాడు తమ్ముడు. వాడు చెప్పిన దానిలో తప్పేమీ లేదు. ఆ తోసేవాళ్ళు ఎవరు, ఆ విసిరేవాడు ఎక్కడివాడు అన్నదే నా ప్రశ్న.

సాయంత్రం మా అబ్బాయి చదివే హైస్కూలు ఆటకు వెళ్ళాం. ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళలో చాలామందికి ఫుట్‌బాల్ పరిచయం బ్యాండు ద్వారా అవుతుంది. పిల్లవాడు విరామంలో సాక్సఫోన్ వాయించే పది నిమిషాల కోసం వెళ్ళి, మూడు గంటలు బెంచీల మీద కూర్చుని, నాలుగో వారానికి మనమే ఆట గురించి వాదించడం మొదలుపెడతాం. ఆ రాత్రి నేను తమ్ముడికి ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే, అంటే జట్టును నడిపి బంతి విసిరేవాడినే, చూడమని చెప్పాను. పదహారేళ్ళవాడు, మనిషి పెద్ద ఎత్తు కూడా కాదు. గట్టు మీది కోచ్ చేతులతో చేసే సైగ చూసి, మణికట్టుకు కట్టుకున్న పట్టీలో చీటీ చదివి, బంతి పట్టే నలుగురు రిసీవర్లను మైదానం అంచుల దాకా పరిచాడు. బంతి చేతికి అందిన రెండు సెకన్లలోపే కుడి అంచుకు విసిరేశాడు. అప్పటికి రిసీవర్ ఇంకా తల తిప్పలేదు. అతడు తిరిగేసరికి బంతి సరిగ్గా అతని ఛాతీ ముందు ఉంది.

అలాంటి విసురు ఒక్క సీజనులో అబ్బేది కాదు. టెక్సస్‌లో హైస్కూలు కోచ్ ఆ విద్యాసంస్థలో పూర్తికాలం ఉద్యోగి అయి ఉండాలి. ఊళ్ళోని మిడిల్ స్కూళ్ళలో కూడా చాలాచోట్ల ఆయన పద్ధతే, ఆయన పెట్టిన పేర్లతోనే నేర్పుతారు. క్రీడలకు బడి వేళల్లోనే ఒక పీరియడ్ ఉంటుంది. పెద్ద బడులకు వసంతంలో కూడా సాధన ఉంటుంది. వేసవి వస్తే ఏడుగురితో ఏడుగురు ఆడే ఆట ఉంది; అందులో ముందు వరసలో నిలబడి తోసుకునే లైన్‌మన్లు ఉండరు, బంతి విసరడం, పట్టడం తప్ప మరేమీ ఉండదు. దానికి 1998 నుంచి రాష్ట్రస్థాయి పోటీలే జరుగుతున్నాయి. పైగా ఇక్కడి హైస్కూళ్ళు కాలేజీ నిబంధనలతోనే ఆడతాయి. ఈ ఏర్పాటు మధ్య పెరిగిన కుర్రాడు కాలేజీకి వెళ్ళేసరికి, అక్కడి కోచ్ కొత్తగా చెప్పవలసింది సగమే మిగులుతుంది.

మాకు దగ్గరలోనే అలెన్ హైస్కూలు స్టేడియం ఉంది: 2012లో తెరిచినది, ఖర్చు దాదాపు 6 కోట్ల డాలర్లు, 18,000 మంది కూర్చునే చోటు. కైలర్ మరీ ఆ బడి తరఫున క్వార్టర్‌బ్యాక్‌గా మొదలుపెట్టిన 42 ఆటల్లో ఒక్కటీ ఓడిపోలేదు. అతని పేరు నార్మన్‌లో మళ్ళీ వస్తుంది.

శనివారం, లబ్బక్

అయిదున్నర గంటల ప్రయాణం. సగం దారి దాటాక చెట్లు పోయి, పత్తి చేలు మొదలయ్యాయి. తీత కాలం కావడంతో రోడ్డు పక్కన గడ్డిలో దూది పింజలు చిక్కుకుని ఉన్నాయి. గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్ళం కాబట్టి ఇద్దరం కారు ఆపి, దిగి, చేనులో మనిషి కోసం వెతికాం. మనిషి లేడు, రైలు పెట్టెంత దూది మోపు మాత్రం ఉంది.

టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం ఈ చదునులో ఒంటరిగా ఉంటుంది. డాలస్, హ్యూస్టన్‌ల నుంచి వచ్చే 140 కిలోల ఆరితేరిన లైన్‌మన్లు పెద్ద కాలేజీలున్న ఆస్టిన్‌కో, కాలేజ్ స్టేషన్‌కో, నార్మన్‌కో పోతారు. ఇంత దూరం వచ్చేవాళ్ళు తక్కువ. 2000లో కోచ్‌గా వచ్చిన మైక్ లీచ్ తన పదేళ్ళలో ఈ కొరతనే పునాదిగా చేసుకున్నారన్నది నా అభిప్రాయం. టెక్సస్‌లో కొరత లేనిది ఏమిటంటే, బంతి విసరడం వచ్చిన కుర్రాళ్ళు, పట్టడం వచ్చిన కుర్రాళ్ళు. పెద్ద కాలేజీలు తీసుకోగా మిగిలినవాళ్ళు కూడా వందల్లో ఉంటారు.

సాయంత్రం జోన్స్ స్టేడియంలో ఆట చూశాం. కానీ నేను తమ్ముడికి చూపించదలచుకున్నది ఇప్పటి జట్టులో లేదు. రాత్రి మోటెల్ గదిలో, 2008 నవంబరు 1న ఇదే మైదానంలో టెక్సస్ విశ్వవిద్యాలయం మీద టెక్సస్ టెక్ 39-33తో గెలిచిన ఆట ఫోనులో పెట్టి, బంతి కదలడానికి ముందు క్షణంలో ఆపాను. “లైన్‌మన్ల కాళ్ళ మధ్య కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఖాళీ చూడు” అన్నాను. మామూలుగా భుజానికి భుజం దాదాపు తగిలేటట్టు నిలబడవలసిన అయిదుగురు, ఒక్కొక్కరి మధ్య ఇంకొక మనిషి దూరేటంత ఎడంగా నిలబడి ఉన్నారు. చూడటానికి ఇది పిచ్చితనమే. కానీ అలా నిలబడితే అవతలి జట్టులో క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికేవాడు కూడా అంత దూరం నుంచి రావాలి. వాడు వచ్చేలోపు బంతి వెళ్ళిపోతుంది. లైన్‌మన్ బలవంతుడు కాకపోయినా, ఆ రెండు సెకన్లు అడ్డం నిలబడితే చాలు. దొరకని బలాన్ని దూరంతో భర్తీ చేసిన లెక్క ఇది.

ఆ ఆటను ఇంకా ఒక సెకను మిగిలి ఉందనగా ఒక్క విసురు తేల్చేసింది. బంతి విసిరిన గ్రహమ్ హ్యారెల్‌ది డాలస్‌కు దక్షిణాన ఉన్న ఎన్నిస్. అంచు గీత పక్కన పట్టుకుని లోపలికి దూసుకుపోయిన మైకేల్ క్రాబ్‌ట్రీ డాలస్ కుర్రాడు, హైస్కూల్లో స్వయంగా క్వార్టర్‌బ్యాక్. అంతకు ముందు బి.జె. సైమన్స్, సానీ కంబీ, కోడీ హాజెస్ అనే ముగ్గురు టెక్సస్ కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి గట్టు మీద కూర్చుని నేర్చుకుని, చదువు చివరి ఏడాదిలో ఒక్కొక్క సీజను మాత్రమే ఆడారు. వాళ్ళలో సైమన్స్ 2003లో 5,833 గజాలు విసిరాడు, అంటే అతని విసుర్లతో జట్టు అంత దూరం ముందుకు నడిచింది. అప్పటికి అది జాతీయ రికార్డు. ఓక్లహోమా సిటీకి చెందిన వెస్ వెల్కర్‌ను పొట్టివాడని పెద్ద కాలేజీలేవీ పిలవలేదు. ఇక్కడ చివరి నిమిషంలో ఎవరో తప్పుకుంటే మిగిలిన స్కాలర్‌షిప్ అతనికి దక్కింది. లీచ్ వెళ్ళిపోయాక కూడా ఈ వరస ఆగలేదు. తూర్పు టెక్సస్‌లోని వైట్‌హౌస్ నుంచి, పెద్దగా ఎవరూ అడగని పాట్రిక్ మహోమ్స్ వచ్చి, 2016 అక్టోబరు 22న ఓక్లహోమా మీద 734 గజాలు విసిరాడు. ఆట మాత్రం 66-59తో ఓడిపోయారు. బంతి విసిరేవాళ్ళు దొరికే చోట అడ్డుకునే బలగం కూడా దొరుకుతుందని లేదు.

ఆదివారం, సోమవారం, నార్మన్

డాలస్ నుంచి నార్మన్ సుమారు 190 మైళ్ళు. లబ్బక్ దానికి రెట్టింపుకు కొంచెం తక్కువ. ఓక్లహోమా విశ్వవిద్యాలయం చరిత్రంతా ఈ లెక్కలో ఉంది: డాలస్ కుర్రాడికి పొరుగు రాష్ట్రమే దగ్గర.

1968లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎమరీ బెలార్డ్ విష్‌బోన్ అనే పద్ధతి తెచ్చారు. ముగ్గురు పరుగు వీరులను క్వార్టర్‌బ్యాక్ వెనక కోడి గొంతు ఎముక ఆకారంలో నిలబెట్టి, బంతి ఎవరికి ఇవ్వాలో ఆఖరి క్షణంలో తేల్చే ఆట. బెలార్డ్ అంతకు ముందు చాలాకాలం టెక్సస్ హైస్కూళ్ళ కోచ్. ఓక్లహోమా దానిని అరువు తెచ్చుకుని, కోచ్ బ్యారీ స్విట్జర్ కాలంలో అసలువాళ్ళకంటే వేగంగా ఆడింది. ఆడినవాళ్ళు ఎవరు? పోర్ట్ ఆర్థర్ నుంచి జో వాషింగ్టన్, హుక్స్ అనే చిన్న ఊరి నుంచి బిల్లీ సిమ్స్; ఇద్దరూ టెక్సస్ వాళ్ళే. సిమ్స్‌కు 1978లో, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ బహుమతి వచ్చింది.

తరువాత టెక్సస్ హైస్కూళ్ళు బంతి విసరడం నేర్చుకున్నాయి, నార్మన్ కూడా మారింది. 1999లో లీచ్ ఒక ఏడాది ఇక్కడే పనిచేశారు. 2017లో హైస్మన్ గెలిచిన బేకర్ మేఫీల్డ్ ఆస్టిన్ శివార్లలోని లేక్ ట్రావిస్ కుర్రాడు, లబ్బక్‌లో స్కాలర్‌షిప్ లేకుండా మొదలుపెట్టి ఇక్కడికి వచ్చాడు. మరుసటి ఏడాది అదే బహుమతి అలెన్ కుర్రాడు కైలర్ మరీకి వచ్చింది. ఇద్దరినీ నడిపించిన కోచ్ లింకన్ రైలీది లబ్బక్‌కు వాయవ్యంగా ఉన్న మ్యూల్‌షూ; ఆయన లీచ్ దగ్గర శిష్యరికం చేసినవారు. అంటే నలభై ఏళ్ళ ఎడంతో రెండు పూర్తి విరుద్ధమైన పద్ధతుల్లో ఈ కాలేజీ వెలిగింది. రెండుసార్లూ దిగుమతి టెక్సస్ సరిహద్దైన ఎర్ర నది అవతలి నుంచే. నార్మన్‌కు సొంత శైలి లేదని ఎవరైనా అంటే ఇక్కడివాళ్ళు కొడతారు గానీ, టెక్సస్ హైస్కూళ్ళు ఏది ఆడితే అది మెరుగ్గా ఆడటమే దాని శైలి అని నాకు అనిపించింది.

ఇక్కడ మరొక మాట గుర్తుపెట్టుకోవాలి. జార్జ్ కిటిల్ అనే టైట్ ఎండ్ (లైన్‌మన్ల పక్కన నిలబడి అడ్డుకుంటూ, బంతి కూడా పట్టేవాడు) చదివింది నార్మన్ హైస్కూల్లో. సొంత ఊళ్ళో ఇంత పెద్ద కాలేజీ ఉండగా అతడు అయోవాకు వెళ్ళాడు. ఎందుకన్నది మా దారి చివర తెలుస్తుంది.

మంగళవారం, మాన్‌హాటన్, కాన్సస్

వాన. రాత్రి బస ఒక్కటే. 1989లో కోచ్ బిల్ స్నైడర్ ఇక్కడి కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం జట్టును చేపట్టేనాటికి ఇది దేశంలో అందరికన్నా ఎక్కువ ఓటములున్న పెద్ద కాలేజీల్లో ఒకటి. ఆయన రెండేళ్ళ జూనియర్ కాలేజీల మీద ఆధారపడ్డారు, కాన్సస్‌లో అవి చాలా ఉన్నాయి. ఇంకొక పక్క, పొలాల్లో పెరిగిన కుర్రాళ్ళను స్కాలర్‌షిప్ లేకుండా చేర్చుకుని ఏళ్ళ తరబడి తీర్చిదిద్దారు. వాళ్ళలో ఒకడైన జోర్డీ నెల్సన్‌ది పక్కనే ఉన్న రైలీ అనే ఊరు. ఇక్కడ క్వార్టర్‌బ్యాక్ చేతే బంతి మోయించడం ఆనవాయితీ. విసిరేవాడే పరుగెత్తితే అడ్డుకోవడానికి ఒక మనిషి అదనంగా మిగులుతాడు. బలగం తక్కువైన జట్టుకు ఆ ఒక్క మనిషే పెద్ద ఆస్తి.

బుధవారం, లింకన్

నెబ్రాస్కా జనాభా 20 లక్షలు, మన ఒక మోస్తరు జిల్లా అంత. లింకన్ మెమోరియల్ స్టేడియంలో 1962 నుంచి ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడుపోతున్నాయి. రాష్ట్రంలో వృత్తి జట్టు లేదు, మరో పెద్ద కాలేజీ జట్టు లేదు. కుర్రాడు పుట్టగానే ఎరుపు చొక్కా తొడుగుతారు.

1973 నుంచి 1997 దాకా నెబ్రాస్కా విశ్వవిద్యాలయం కోచ్‌గా ఉన్న టామ్ ఆస్బోర్న్ దీనినే పెట్టుబడి చేసుకున్నారు. అప్పట్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితి ఉండేది. కానీ సొంత ఖర్చుతో వచ్చి చేరేవాళ్ళ మీద పరిమితి ఉండేది కాదు. వాళ్ళను వాకాన్‌లు అంటారు. పల్లెల నుంచి, గొడ్ల చావిళ్ళ నుంచి వచ్చిన 100 కిలోల కుర్రాళ్ళు పదుల సంఖ్యలో చేరేవారు. 1969లోనే బాయిడ్ ఎప్లీ ఇక్కడ బరువులెత్తించే శిక్షణకు పద్ధతి ఏర్పరిచారు. అప్పటికి చాలామంది కోచ్‌లు బరువులెత్తితే వేగం పోతుందని భయపడేవారు. నాలుగైదేళ్ళు ఆ గదిలో గడిపిన కుర్రాడు 130 కిలోల లైన్‌మన్‌గా బయటికి వచ్చేవాడు. వేగం మాత్రం ఇక్కడి పొలాల్లో పండదు. దానిని బయటి నుంచి తెచ్చారు. టామీ ఫ్రేజియర్ ఫ్లోరిడా నుంచి, టర్నర్ గిల్ టెక్సస్ నుంచి, మైక్ రోజియర్ న్యూజెర్సీ నుంచి. ఇంటి గోడలు, బయటి గుర్రాలు. వాటితో, బంతి ఎవరికివ్వాలో ఆఖరి క్షణంలో తేల్చే ఆప్షన్ ఆట. 1994, 1995, 1997లలో జాతీయ విజేతలు.

2004లో కొత్త కోచ్ బిల్ కాలహాన్ వృత్తి జట్ల తరహాలో బంతి విసిరే పాస్ ఆట తెచ్చారు. ఆ ఏడాది 5-6. 1961 తరువాత మొదటిసారి ఓటములు గెలుపులను మించాయి. పద్ధతి చెడ్డదని కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరూరా పిల్లలను ఏ ఆట కోసం పెంచారో ఆ ఆట మాయమైంది, కొత్త ఆటకు కావలసిన పిల్లలు 600 మైళ్ళ దూరంలో ఉన్నారు.

2025 నుంచి జట్టు మొత్తం 105 మందికి మించకూడదన్న పరిమితి వచ్చింది. డబ్బు గురించిన ఒక పెద్ద దావా రాజీలో భాగమది. పై రోజుల్లో ఇది ఎవరిని ఎక్కువ దెబ్బతీస్తుందో తెలుసుకోవడానికి లింకన్ స్టేడియం పక్కన నిలబడితే చాలు.

గురువారం, డెమోయిన్

తమ్ముడి సామాను దించాం. పప్పుల డబ్బా మూత ఊడి, కారు డిక్కీ అంతా కందిపప్పు.

శుక్రవారం, తూర్పు అయోవాలో ఒక పల్లె

ఇది నేను పట్టుబట్టి పెట్టుకున్న రోజు. పేరు చెప్పవలసిన ఊరు కాదు; ఒక వీధి, ఒక నీళ్ళ ట్యాంకు, గోల్‌పోస్టుల వెనక పది బారల దూరంలో మొక్కజొన్న చేను. ఆట మొదలైనప్పుడు దీపాల కాంతిలో కోత యంత్రం దుమ్ము రేపుతూ ఇంకా తిరుగుతోంది.

మొదటి పావు భాగంలో క్వార్టర్‌బ్యాక్ రెండుసార్లు విసిరాడు. రెండోసారి గాలి బంతిని పక్కకు లాక్కుపోయింది, ఇక కోచ్ ఆ జోలికి పోలేదు. ఆరడుగుల అయిదంగుళాల కుర్రాడొకడు మా కంట పడ్డాడు. బంతి తమదైనప్పుడు టైట్ ఎండ్, అవతలివాళ్ళదైనప్పుడు మధ్యలో నిలబడి పడగొట్టేవాడు, బంతిని తన్నవలసి వస్తే తన్నేవాడూ వాడే. అరవై ఎత్తుల్లో ఒక్కదానికి కూడా వాడు బయటికి రాలేదు. ఒకసారి ఎదుటివాడి చేతుల కింద నుంచి పట్టు దూర్చి, నడుము తిప్పి, వాడిని నేల మీద పరిచినప్పుడు తమ్ముడు “అన్నయ్యా, ఇది కుస్తీ పట్టు” అన్నాడు. నిజమే, అయోవాలో చలికాలం ఆట కుస్తీయే, ఈ కుర్రాళ్ళలో చాలామంది అందులోనూ ఉంటారు. ఇక్కడ వేసవంతా బంతి విసిరే లీగులు లేవు, మూడో కోచ్, నాలుగో కోచ్ లేరు. డాలస్‌లో ఒక్క పని వెయ్యిసార్లు చేసిన కుర్రాడిని చూశాం; ఇక్కడ అయిదు పనులు రెండు వందలసార్లు చొప్పున చేసినవాడిని చూశాం.

శనివారం, అయోవా సిటీ

కిన్నిక్ స్టేడియంలో మాకు దొరికినవి చివరి వరసలో చోట్లు, అందుకే దుర్భిణి తెచ్చుకున్నాం. మొదటి పావు భాగం ముగిశాక డెబ్భై వేల మంది వెనక్కి తిరిగి, పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రి పై అంతస్తు కిటికీల వైపు చేతులూపారు. 2017 నుంచి ఇది ప్రతి ఆటలోనూ ఉంది. తమ్ముడు ఆ తరువాత కాసేపు మాట్లాడలేదు.

దుర్భిణితో మేము బంతిని వదిలేసి ఎడమ చివర లైన్‌మన్‌నూ, పక్కన టైట్ ఎండ్‌నూ మాత్రమే చూశాం. బంతి కదలగానే అయిదుగురు లైన్‌మన్లూ ఒకే అడుగుతో పక్కకు, తలుపు జరిపినట్టు జరిగారు. ఎవరికీ ఫలానావాడిని కొట్టమని ముందే చెప్పి ఉండదు. తన హద్దులోకి వచ్చినవాడిని ఇద్దరు కలిసి పట్టి, ఒకరు వదిలి తరువాతివాడికి వెళ్ళాలి. ఎప్పుడు వదలాలో పక్కవాడి భుజం తగలడాన్ని బట్టి తెలియాలి. ఇది మూడు నాలుగేళ్ళు పక్కపక్కన నిలబడ్డవాళ్ళకే వస్తుంది. అయోవా విశ్వవిద్యాలయం కోచ్ కిర్క్ ఫెరెంట్జ్ 1999 నుంచి ఒకే కాలేజీలో ఉండి ఈ ఒక్క ఆట నేర్పుతున్నారు.

నేర్చుకునేవాళ్ళు నిన్న రాత్రి చూసినలాంటి కుర్రాళ్ళు. రాబర్ట్ గ్యాలరీ మేసన్‌విల్ అనే పల్లె నుంచి టైట్ ఎండ్‌గా వచ్చి, బరువు పెరిగి, 2003లో దేశంలో ఉత్తమ లైన్‌మన్‌గా అవుట్‌ల్యాండ్ బహుమతి తీసుకున్నాడు. అదే బహుమతి 2014లో తీసుకున్న బ్రాండన్ షర్ఫ్ డెనిసన్ హైస్కూల్లో కొంతకాలం క్వార్టర్‌బ్యాక్. ఇక్కడికి ఇరవై మైళ్ళ దూరంలోని మౌంట్ వెర్నన్‌కు చెందిన ట్రిస్టన్ వర్ఫ్స్ కుస్తీలో రాష్ట్ర విజేత. షారిటన్ కుర్రాడు టి.జె. హాకెన్సన్, పొరుగు ఒమాహా నుంచి వచ్చిన నోవా ఫ్యాంట్ 2019లో వృత్తి జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఒకే కాలేజీ నుంచి మొదటి రౌండులో ఎంపికైన మొట్టమొదటి టైట్ ఎండ్‌ల జంట. నార్మన్ కుర్రాడు కిటిల్‌కు సమాధానం ఇక్కడ ఉంది. అతని తండ్రి ఇక్కడే ఆడినవారన్నది ఒక కారణం. అంతకంటే, నలుగురు రిసీవర్లను పరిచే ఊళ్ళో టైట్ ఎండ్‌కు పనే తక్కువ. టైట్ ఎండ్ లేకుండా ఆటే కదలని ఊరు ఇది.

దీనికి చెల్లించే మూల్యం కూడా చిన్నది కాదు. 2023లో అయోవా పది ఆటలు గెలిచింది, సాధించిన గజాల్లో మాత్రం దేశంలో ఆఖరిది. బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆటకు బాధ్యుడైన ఆఫెన్స్ కోఆర్డినేటర్ కోచ్ కుమారుడే; ఆయన ఉద్యోగ ఒప్పందంలో ఆటకు సగటున 25 పాయింట్లు రావాలని రాసుకున్నారు, రాలేదు, ఆయన వెళ్ళిపోయారు. లోకమంతా నవ్వింది. రాష్ట్రంలో 32 లక్షల మంది ఉన్నారు. నేను మొదటి రాత్రి చూసినలాంటి విసురు నేర్చిన కుర్రాళ్ళు ఇక్కడ ఏటా ఎందరు తయారవుతారో నవ్వేవాళ్ళు లెక్క వేయరు. ఇప్పుడు ఆటగాళ్ళు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది కాబట్టి క్వార్టర్‌బ్యాక్‌ను బయటి నుంచి తెచ్చుకోవచ్చు, అయోవా తెచ్చుకుంటోంది కూడా. అయితే ఆ దారి రెండు వైపులా తెరిచే ఉంటుంది. నాలుగేళ్ళు పెంచిన లైన్‌మన్‌కు అయిదో ఏట ఎక్కువ డబ్బు చూపించే వాళ్ళూ అందులోనే ఉన్నారు.

ఆదివారం, మౌంట్ ప్లెజెంట్

అయోవా సిటీకి దక్షిణంగా గంట లోపు దూరం. నా విమానం సాయంత్రానికి. తమ్ముడు ఈసారి ఎందుకని అడగలేదు.

ఇక్కడ అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీ ఉండేది. 2023 మేలో మూతపడింది. 1989లో, అంతకు ముందు ఏడాది ఒక్క ఆటా గెలవని ఈ జట్టును హాల్ మమ్మి అనే ఆయన చేపట్టారు. ఆయన అంతవరకు టెక్సస్‌లోని కొప్రస్ కోవ్ హైస్కూలు కోచ్. లైన్‌మన్లకు నేర్పడానికి, న్యాయశాస్త్రం చదివి ప్రాక్టీసు పెట్టని, కాలేజీలో ఫుట్‌బాల్ ఆడని ఒక యువకుడిని తెచ్చుకున్నారు. అతడే మైక్ లీచ్. ఇద్దరూ కలిసి యూటాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఆడే పాస్ ఆటను విప్పి, విడదీసి, పదే పదే సాధన చేయగలిగినన్ని ఎత్తులకు కుదించారు. ఎయిర్ రెయిడ్ అని తరువాత పేరు పడిన, లబ్బక్‌లో మేము ఫోనులో ఆపి ఆపి చూసిన ఆట పుట్టింది ఇక్కడ, ఈ మొక్కజొన్న చేల మధ్య. మూడో ఏడాది పది గెలిచి రెండు ఓడారు.

“మరి అయోవావాళ్ళు నేర్చుకోలేదా?” అన్నాడు తమ్ముడు.

ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ డస్టిన్ డివాల్డ్ కొప్రస్ కోవ్ కుర్రాడేనని, హైస్కూల్లో తనకు నేర్పిన కోచ్ కోసం ఇంత దూరం వచ్చాడని చెప్పాను. 1992లో మమ్మి జార్జియాకు వెళ్ళారు, లీచ్ వెంట వెళ్ళారు, అక్కడి నుంచి ఇద్దరూ కెంటకీకి, ఆ తరువాత లీచ్ ఓక్లహోమాకు, లబ్బక్‌కు. ఆట వాళ్ళతోనే వెళ్ళిపోయింది.

పడమటి గాలి కారు తలుపును తోస్తోంది. తమ్ముడు డెమోయిన్ దారి పట్టించాడు. వెనక సీటు కింద కందిపప్పు గింజలు ఇంకా దొర్లుతున్నాయి.